చెవి ఇచ్చే జవాబు

మా ఇంట్లో ఎవరికీ నెమ్మదిగా మాట్లాడటం రాదు. తెనాలిలో మైకు సెట్లు అద్దెకిచ్చే వ్యాపారం మాది. కింద గోడౌను, పైన కాపురం. కింద ఎప్పుడూ ఏదో ఒక బాక్సు మోగుతూనే ఉంటుంది కాబట్టి, పైన పచ్చడి ఇటివ్వమని అడగాలన్నా ఊరేగింపులో నినాదం ఇచ్చినట్టు అడగాల్సిందే. పెళ్లిచూపులకి వచ్చినప్పుడు మా అల్లుడు, మేమంతా పోట్లాడుకుంటున్నామనుకుని కాఫీ తాగకుండానే లేవబోయాడు. అలాంటి ఇంట్లో పుట్టిన మనవరాలికి వినపడుతోందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు ఆసుపత్రిలో. ఆ మాటకి మా అందరి నోళ్లూ ఒక్కసారే మూతబడ్డాయి.

పుట్టిన మర్నాడు చేసే పరీక్ష అది. సెల్‌ఫోనంత యంత్రం, దానికో తీగ, తీగ చివర మెత్తటి రబ్బరు మొన. ఆ మొన పాప చెవిలో పెడితే యంత్రం లోపలికి చిటికెల్లాంటి చిన్న చప్పుళ్లు పంపిస్తుంది. కాసేపటికి తెర మీద పాస్ అనో, రిఫర్ అనో పడుతుంది. మా పాపకి రెండు చెవులకీ రిఫర్ పడింది. మా వైపు రిఫర్ అంటే గుంటూరు పెద్దాసుపత్రికి రాసెయ్యడమే. మా ఆవిడ అప్పటికే బట్టలు సంచిలో కుక్కుతోంది. నర్సమ్మ ఆపి, అంత కంగారేమీ లేదనీ, ఇన్నాళ్లూ ఉమ్మనీరులో ఉన్న బిడ్డ కాబట్టి చెవిలో ఇంకా తడి ఉండి ఉంటుందనీ, కొన్ని వారాలాగి బాపట్లలో చెవి పరీక్షలు చేసే మేడం దగ్గరికి తీసుకెళ్లమనీ చెప్పింది.

"నువ్వు మాత్రం మొదటిసారే పాసైన పరీక్ష ఒక్కటి చెప్పు, అప్పుడు దాన్ని అందువుగాని" అన్నాను మా అమ్మాయితో. నవ్వింది. ఆ నవ్వు ఆసుపత్రి గేటు దాకా కూడా రాలేదు.

కడుపుతో ఉన్నన్నాళ్లూ మా అమ్మాయి పొట్ట మీద చెయ్యేసుకుని కబుర్లు చెప్పేది. ఇవాళ కూరేంటో, తాతయ్య ఏ పెళ్లికి సెట్టు పంపి ఎవరితో తగాదా పడ్డాడో, అన్నీ. ఆ యంత్రం వచ్చి వెళ్లాక పాపకి పాలిస్తోంది, ఎత్తుకుంటోంది, నుదుటి మీద ముద్దు పెడుతోంది, మాట మాత్రం లేదు. రేపల్లె నుంచి అల్లుడు సాయంత్రం ఫోన్ చేసి, పాప చెవి దగ్గర పెట్టు, రెండు మాటలు మాట్లాడతానంటే, పాప నిద్రపోతోందని చెప్పేది. ఆ నిద్రపోతున్న పాప కళ్లు ఇంతేసి చేసుకుని నన్నే చూస్తూ ఉండేది. ఎందుకమ్మా అబద్ధం అని ఒకసారి అడిగాను.

"దానికి వినపడకపోతే మేం ఎవరితో మాట్లాడుతున్నట్టు నాన్నా?" అంది.

దానికి నాకు జోకు తట్టలేదు. నాకు తట్టకపోవడమంటే మా వీధిలో కరెంటు పోయినట్టే లెక్క, అందరూ బయటికొచ్చి ఏమైందని అడుగుతారు.

ఏడో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ణి నేను. చెవి గురించిన పాఠం పుస్తకం చివర్లో ఉంటుందట, అంతదాకా నేను ఆగలేదు. అయితే ఏం, ఇన్నేళ్లుగా జనం చెవులు హోరెత్తించి బతికినవాడికి చెవి గురించి ఇంకొకరు చెప్పాలా అనుకున్నాను. పాపని ఉయ్యాల్లో పడుకోబెట్టి, చిన్న బేస్ బాక్సొకటి పైకి మోయించి, ఒక్కటంటే ఒక్క దెబ్బ వేశాను. పాప రెండు చేతులూ విదిలించి ఉలిక్కిపడింది. చూశారా నా మనవరాలు అని నేను మీసం దువ్వుకుంటున్నాను. మా అమ్మాయి ఉయ్యాల గొలుసు పట్టుకుని నిలబడి ఉంది.

"గొలుసు వణికింది నాన్నా. నా చేతికే తెలిసింది" అంది.

బేసు దెబ్బ చెవి కంటే ముందు గుండెకి తగులుతుందని పెళ్లిళ్లలో కుర్రాళ్లకి గొప్పగా చెప్పేది నేనే. ఆ చదువంతా ఇంట్లోనే నేర్చుకుని నాకే అప్పజెప్పింది. తర్వాత స్టీలు పళ్లెం మోగించాను. పాప కదల్లేదు. పాలు తాగి మత్తుగా ఉందన్నాను నేను. తాళాల గుత్తి ఊపాను. నా వైపు చూసింది. నీ చెయ్యి ఊగింది కాబట్టి చూసిందంది మా అమ్మాయి. పళ్లెం వంటింట్లో పెట్టేసి వచ్చాను.

ఆ రోజుల్లోనే గోడౌనులో ఇంకో కాన్పు జరిగింది. లోపలి కాగితం కోను చిరిగిపోయి మూలన పడేసిన పెద్ద బాక్సులోకి పిల్లి ఒకటి దూరి పిల్లల్ని పెట్టింది. కళ్లు మూసుకుని ఉన్నాయి. చెవులైతే చెవుల్లా లేవు, మడిచి తలకి అంటించిన కాగితం ముక్కల్లా ఉన్నాయి. పక్కనే సెట్టు పెద్దగా పెట్టి చూశాను. తల్లి నన్ను నానా మాటలూ అన్నట్టు చూసి బయటికి పోయింది గానీ పిల్లలు మాత్రం తల కూడా ఎత్తలేదు. కొలకలూరులో మా చిన్నాన్న వాళ్ల గేదె ఈనినప్పుడు దగ్గరుండి చూశాను, దూడ ఇంకా తడి ఆరకముందే తల్లి అరుపుకి చెవి తిప్పింది. పిల్లి పిల్లలకేమో చెవులకి సీలు వేసి పంపినట్టుంది. దేవుడు సరుకు ఇలా కూడా పంపిస్తాడా అని రోజూ వెళ్లి చూడటం మొదలుపెట్టాను.

కొన్నాళ్లకి ఆ మడతలు విచ్చుకున్నాయి. గొంతు లావు చేసి హుమ్మంటే తలలు తిప్పుతున్నాయి. ఈల వేస్తే మాత్రం, తాళాలు గలగలమనిపిస్తే మాత్రం, ఎవరినో అన్నట్టు ఊరుకుంటున్నాయి. ఇంకొన్ని రోజులకి ఈలకీ తిరిగాయి. ఆ తర్వాత బిస్కెట్ కవరు నలిపితే చాలు, ఒకదాని మీద ఒకటి దొర్లుకుంటూ బయటికొచ్చేవి. లావు గొంతు ముందు పలికి, సన్న గొంతు వారాల తర్వాత పలికే సెట్టును నేనెక్కడా చూడలేదు. ఇదేంటో తెలిసినవాళ్లనెవరినైనా అడగాలనుకున్నాను.

ఇక మా అత్తగారి సంగతి చెప్పాలి. ఆవిడ నాకు మేనత్త కూడా. నలుగురిలో ఉంటే అల్లుడుగారూ అంటుంది, కోపం వస్తే ఒరేయ్ అంటుంది. నేను ఎక్కువగా రెండోదానికే పలుకుతుంటాను. పసిపిల్లలకి నీళ్లు పోయడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. మా వీధిలో తలకాయలు గుండ్రంగా ఉన్నాయంటే అది ఆవిడ అరచేతి చలవ. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, ఆ కాళ్ల మీద పాపని పడుకోబెట్టి, నువ్వుల నూనె మర్దనా చేసి, ముక్కు సాగదీసి, సున్నిపిండి రుద్ది, వేడినీళ్లు పోసి, చివర్న వెచ్చటి నూనె రెండు చెవుల్లోనూ చుక్కలు చుక్కలుగా వేసి, ఉఫ్ ఉఫ్ అని ఊది, సాంబ్రాణి పొగ పట్టేది. చెవిలో నూనె పడితే వినికిడి పదునెక్కుతుందని ఆవిడ నమ్మకం. ఆసుపత్రి మాట విన్న రోజునే ఆవిడ తన వైద్యం తను మొదలుపెట్టింది. చుక్కలుగా వేసే నూనెని ధారగా పోసింది. మాలో ఒక్కరికైనా వద్దనాలని తోచలేదు. మా అందరి చెవులూ ఆ చేతి కిందే పెరిగాయి మరి.

బాపట్ల వెళ్లిన పొద్దున ప్రయాణం కదా అని ఇంకాస్త ఎక్కువే పోసింది. నేనూ, మా అమ్మాయీ, ఆవిడ ఒళ్లో పాపా, పాసింజరు బండెక్కి వెళ్లాం. మేడం గది గోడలన్నిటికీ స్పాంజి దిండ్లు అతికించి ఉన్నాయి. అందులో నా గొంతు నాకే పక్కింటివాడిదిలా వినపడింది. మేడం మా అమ్మాయి ఈడు పిల్ల. ముందు కొన్ని ప్రశ్నలడిగింది, అందులో ఒకటి మేనరికమా అని. నాది మేనరికమే, అమ్మాయిది కాదు. మా వంశంలో సంబంధాలు వీధి దాటి రేపల్లె దాకా వెళ్లడం ఇదే మొదటిసారండీ అన్నాను. ఆవిడ నవ్వకుండా రాసుకుంది. మా అమ్మాయి ఆ కలం వైపే చూస్తోంది. నా జోకుల్లో అది ఒకటి తక్కువైనా ఏం నష్టం లేకపోవును.

మళ్లీ రబ్బరు మొన, మళ్లీ చిటికెలు, మళ్లీ రెండు చెవులకీ రిఫర్. మా అమ్మాయి పాప వైపు చూడటం మానేసి నేల వైపు చూసింది. మేడం మాత్రం అక్కడితో ఆపలేదు. చిన్న దీపమున్న గొట్టంతో పాప చెవిలోకి తొంగి చూసి తలెత్తింది.

"పొద్దున చెవిలో నూనె వేశారాండి?"

"వెయ్యకుండా ఎట్టాగమ్మా?" అంది మా అత్తగారు. "వెచ్చజేసి నేనే పోశాను. రోజూ పోస్తాను."

"నేను పంపే చప్పుడు లోపలికి వెళ్లాలి, చెవి ఇచ్చే జవాబు బయటికి రావాలి. మధ్యలో నూనె నిలబడింది పెద్దమ్మా. పాప చెవి బాగుందనీ చెప్పలేను, బాగాలేదనీ చెప్పలేను."

"చెవి వింటుంది, బాగానే ఉంది. జవాబివ్వడమేంటండీ?" అన్నాను.

ఆ ఒక్క ప్రశ్నతో మేడం కుర్చీ ముందుకు జరుపుకుంది. మాది మైకు సెట్ల వ్యాపారమని తెలిశాక ఇంకా హుషారొచ్చింది. లోపలి చెవి నత్తగుల్లలా చుట్టుకుని ఉంటుందట. దాని లోపల పొడవునా రిబ్బనులాంటి పొర. మొదట్లో సన్నగా బిగుతుగా, చివరికొచ్చేసరికి వెడల్పుగా వదులుగా ఉంటుంది. సన్నటి చప్పుళ్లకి మొదటి భాగం ఊగుతుంది, లావువాటికి చివరి భాగం. ఆ పొర మీద వరసలుగా వెంట్రుకల్లాంటివి మొలిచిన కణాలుంటాయి. వాటిలో కొన్ని ఊరికే వినవు. చప్పుడు తగలగానే అవే సాగి, ముడుచుకుని, ఆ ఊపుకి ఇంకాస్త ఊపునిస్తాయి. గుసగుస కూడా మనకి అందుతోందంటే వాటి పుణ్యమే. ఆ ఊపులో కొంచెం వెనక్కి తన్ని, కర్ణభేరిని కదిలించి, చెవిలోంచి బయటికి చప్పుడుగా వస్తుంది. ఆ రబ్బరు మొనలో ఉన్న బుల్లి మైకు దాన్నే పట్టుకుంటుందట.

"అంటే లోపల యాంప్లిఫయరు కూడా ఉందన్నమాట. బాక్సు ముందు మైకు పెడితే కీచుమంటుందే, ఆ రకం వ్యవహారమా?"

"ఇంచుమించు అదేనండి. కాకపోతే ఇది మీకు వినపడనంత చిన్నది."

నాకు వినపడనంత చిన్న చప్పుడుతో నాకెప్పుడూ పని పడలేదు. అయినా నా పోలిక కుదిరిన సంతోషంలో పిల్లి పిల్లల సంగతి అడిగేశాను. మీరు బాగా చూశారే అంది మేడం, బెత్తెడు పొంగాను. పిల్లులకీ కుక్కలకీ ఎలకలకీ చెవి తయారీ సగంలో ఉండగానే కాన్పయిపోతుందట. చెవి దారి మూసుకుని ఉంటుంది, కర్ణభేరి వెనక గాలి ఉండాల్సిన చోట మెత్తటి గుజ్జు నిండి ఉంటుంది, లోపలి పొర ఇంకా మందంగా ఉంటుంది, ఊపునిచ్చే కణాలు ఇంకా పనిలోకి దిగవు. పుట్టాక ఒక్కొక్కటే సర్దుకుంటాయి. దారి తెరుచుకుంటుంది, గుజ్జు పోయి గాలి చేరుతుంది, పొర పల్చబడి బిగుస్తుంది, కణాలు సాగడం నేర్చుకుంటాయి. అందుకే ముందు లావు చప్పుళ్లే అందుతాయి. ఇంకో విచిత్రం కూడా చెప్పింది. మొదట్లో లావు గొంతుకి ఊగిన చోటే, పొర బిగిసేకొద్దీ, అంతకంటే సన్న గొంతుకి ఊగడం మొదలుపెడుతుందట. డప్పుని మంట దగ్గర కాచేకొద్దీ మోత సన్నబడుతుంది కదా, అది గుర్తొచ్చింది నాకు.

"మరి మా పాపకి?" అంది మా అమ్మాయి. ఇంతసేపటికి నోరు విప్పింది.

మనుషుల పిల్లలు ఆ పనంతా కడుపులోనే చాలావరకు పూర్తి చేసుకుని వస్తారనీ, పుట్టడానికి నెలల ముందే తల్లి గొంతు వింటారనీ, పుట్టాక మిగిలేది చెవి దారి గట్టిపడటం, లోపలి తడి ఆరడం లాంటి చిల్లర పనులేననీ మేడం చెప్పింది. అది అందరి పిల్లల సంగతి. ఈ పిల్ల సంగతి తెలియాలంటే చెవిలో చుక్క పడకూడదు. పుల్లలూ పిన్నులూ పెట్టి తీయకూడదు, నూనె దానంతటదే పోతుంది. మూడు వారాలు పోయాక రమ్మంది.

తిరుగు బండిలో మా అత్తగారు కిటికీ పక్క సీటు పట్టి బయటికి చూస్తూ కూర్చుంది. నిడుబ్రోలు దాటాక అప్పుడు నోరు తెరిచింది.

"ఒరేయ్, మీ అందరికీ పోశాను గదరా. మీరంతా చెవిటాళ్లయ్యారా?"

"ఒకళ్ల మాట ఒకళ్లం వినం గదత్తా. అయ్యామేమో."

నవ్వలేదు. మర్నాడు పొద్దున పీట వాల్చలేదు. తన చేతికి వంక పెట్టాక ఇంకెవరైనా పోసుకోండని గదిలో జపమాల తీసుకుని కూర్చుంది. మా ఆవిడ పోసింది. సబ్బు చేతుల్లో పాప చేపలా జారుతుంటే, పాప కంటే మా ఆవిడే ఎక్కువ అరిచింది. నేను తువ్వాలు పట్టుకుని గోల్‌కీపర్‌లా ఎదురుగా నిలబడ్డాను. నాలుగైదు రోజులు ఇదే ఆట. అత్తగారికి లోపలి నుంచి అన్నీ వినపడుతున్నాయి. జపం వేగం పెరుగుతోంది తప్ప మనిషి లేవదు.

చివరికి మా అమ్మాయే వెళ్లి ఆవిడ ముందు కూర్చుంది. నేను గుమ్మం దగ్గరున్నాను, జోకులు అన్నీ జేబులో పెట్టుకుని.

"అమ్మమ్మా, నువ్వే పొయ్యి. నీ కాళ్ల మీదయితేనే అది ఏడవదు. చెవిలో మాత్రం వద్దు. నీది తప్పని కాదు. అది వింటందో లేదో నాకు తెలియాలి. తెలియకుండా నేనిట్టా ఉండలేను."

ఆవిడ మాల పక్కన పెట్టింది. వెళ్లి పీట వాల్చింది. ఆ రోజు నుంచి నీళ్లు పోసేటప్పుడు చెవి ముందున్న చిన్న బొడిపెని బొటనవేలితో నొక్కి దారి మూసేది, ఒక చెవి అయ్యాక ఇంకొకటి. నూనె తలకీ ఒంటికీ అయ్యాక గిన్నె దూరంగా, తనకే అందనంత దూరంగా జరిపేది. ఊదడం మాత్రం మానలేదు. నోటిగాలికి కూడా మేడం అనుమతి కావాలేంట్రా అంది. కావాలేమో అని నేను అనలేదు, పీట ఆవిడ చేతికి దగ్గర్లో ఉంది.

మళ్లీ బాపట్ల వెళ్లిన రోజున మేడం ముందుగా దీపం పెట్టి చూసి, శుభ్రంగా ఉందంది. అప్పుడు ఫ్యాను కట్టేసింది. పాప నిద్రలో ఉండగా, గదిలో ఎవరూ కదలకుండా, మాట్లాడకుండా ఉంటే మంచిదంది. అంటూ నా వైపు చూసింది. నన్ను అంతకు ముందు ఒక్కసారే చూసిన మనిషి. కుడి చెవిలో మొన పెట్టింది. చిటికెలు వెళుతున్నాయి. తెర మీద చిన్న చిన్న కడ్డీలు, మా సెట్టు మీద దీపాలు ఎక్కి దిగినట్టు, ఒకటి లేచింది, ఆగింది, పక్కది లేచింది. అవి ఆ నిద్రపోతున్న పిల్ల లోపలి నుంచి వస్తున్నాయి. మా అత్తగారి పెదవులు మాత్రం కదులుతున్నాయి, చప్పుడు లేదు. మా అమ్మాయి చున్నీ అంచు వేలికి బిగించి చుట్టుకుంటోంది. కుడి చెవికి పాస్ పడింది. ఇంకో చెవి ఉంది. ఎడమ చెవి దగ్గరికొచ్చేసరికి పాప తల విదిలించి, మొన ఊడి, కడ్డీలన్నీ పిచ్చిగా ఎగిరాయి. మేడం ఓపిగ్గా మళ్లీ పెట్టింది. మళ్లీ మొదటి నుంచి. అక్కడ నోరు మూసుకుని కూర్చున్నంతసేపు నేనెప్పుడూ ఎక్కడా కూర్చోలేదు. అదీ పాసయింది.

"అంటే వింటందాండి?" అంది మా అమ్మాయి.

"లోపలి చెవి బాగా పనిచేస్తోందండి. వింటుంది. మాటలు నేర్చే వయసులో ఒకసారి తీసుకురండి, చూద్దాం."

మా అత్తగారు గొంతు సవరించుకుంది. "నా నూనె వల్ల పిల్లకేమన్నా అయిందా అమ్మా?"

"పాపకేం కాలేదు పెద్దమ్మా. నా యంత్రానికే అడ్డమొచ్చింది."

"అట్టా చెప్పు. యంత్రానిదన్నమాట లోపం" అంది ఆవిడ, లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ. మేడం కూడా ఈసారి నవ్వింది.

తెనాలిలో దిగగానే మా అమ్మాయి ఇంటికి రానంది. రేపల్లె బండి పక్క ప్లాట్‌ఫారం మీద ఉంది, అందులో వెళ్లి ఆయనకి నేనే చెప్తానంది. నెల నిండని పిల్లని వర్జ్యం చూడకుండా, సారె లేకుండా అత్తారింటికి తీసుకెళతావా అని మా అత్తగారు. నెల ఎప్పుడో నిండిందనీ, సారె తర్వాత పంపొచ్చనీ, సాయంత్రానికి తిరిగొచ్చేస్తాననీ మా అమ్మాయి. ఫోన్ చేస్తే పోలా అన్నాను.

"ఫోన్లో అయితే పాప నిద్రపోతోందని చెప్పీ చెప్పీ నా మాట మీద నమ్మకం పోయింది నాన్నా."

ముగ్గురం ఎక్కాం. బండి కదిలేలోపే మొదలుపెట్టింది. ఒళ్లో పాపని తన వైపు తిప్పుకుని, ముఖం ముఖానికి దగ్గరగా పెట్టుకుని, ఇన్ని వారాల బాకీ అంతా ఒకేసారి. తాతయ్య నీ ఉయ్యాల కింద బాంబు పేల్చాడే, పెద్దయ్యాక అడుగుదువుగాని. ఈవిడ మా అమ్మమ్మ, నీ చెవుల్లో గానుగ పెట్టింది. మీ నాన్న గొంతు సన్నగా ఉంటుంది, ఆడపిల్ల ఎవరో అనుకోకు. చినరావూరు వస్తే చినరావూరు అని చెప్పింది, జంపని వస్తే జంపని అంది, గట్టు మీద కొంగ కనపడితే కొంగ అంది. ఎదురు సీట్లో పెద్దాయన పేపరు మడిచి పక్కన పెట్టి ఈ వ్యాఖ్యానమే వింటున్నాడు.

పాప కళ్లు వాలిపోయాయి. పిడికిలి మా అమ్మాయి చున్నీలో అలాగే ఉంది.

"పిల్ల నిద్రపోయిందే. ఇకనైనా కాస్త ఊపిరి తీసుకో" అంది మా అత్తగారు.

"పోనీలే అమ్మమ్మా, నిద్రలోనే గదా పరీక్ష పాసయింది" అంది మా అమ్మాయి. కిటికీలోంచి బయటికి చూసి, మళ్లీ పాప మీదికి వంగింది. "ఇదిగో, వేమూరు వస్తంది."